తొమ్మిదో గోడ మీద చుక్క

1. ఏప్రిల్ 3

తొమ్మిదో గోడ. మల్లెపూలు అమ్మే ఆవిడ కుడి చెంప మీద నల్ల చుక్క, ఆవగింజంత. నమూనాలో లేదు. తుడిచాను.

మా మేస్త్రీ పానకాలరావు గారికి కావలసింది ఈ పై ముక్క ఒక్కటే. ఆయన ప్రతి పేజీలో మొదటి పంక్తి చదివి సంతకం పెట్టేస్తారు. కింద ఇంత ఖాళీ ఎందుకు వదిలారో పదకొండేళ్ళుగా నాకు తెలియదు. ఖాళీ కూడా ఒక లోపమే గనక, నా సొంత మాటలు రాసి నింపుతుంటాను.

రాసేటప్పుడు అక్షరం తప్పు పోతే ఈ పని పుస్తకం ఊరుకోదు. ఆ మాట కింద గులాబీ గీత గీసి 'దిద్దనా?' అని అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ 'దిద్దు' అన్నాను. మా ఇద్దరికీ అందుకే పడింది.

నా పేరు భావనారాయణ. నలభై ఆరేళ్ళు. ఊరు చీరాల. ఈ పనికి ముందు చేనేత సంఘంలో బట్ట పరీక్షించేవాణ్ణి. చీర వెలుగుకు పట్టి, పోగు ఎక్కడ తెగిందో వేలు పెట్టి చూపేవాణ్ణి. నేతగాళ్ళు నన్ను చూస్తే తల పక్కకి తిప్పుకునేవారు. ఆ కళ్ళు చూసే వెన్నెలవాడ వాళ్ళు మరమ్మతుదారుగా తీసుకున్నారు.

పొద్దున పదింటికి ఎండ బంద్ సైరన్ మోగుతుంది. ఊళ్ళో షట్టర్లన్నీ దిగిపోతాయి. అయిదింటిదాకా వీధిలో కాకి కూడా కనపడదు. ఆ ఏడు గంటలూ జనం ఇళ్ళలోంచి కదలకుండానే కళ్ళకు జోడు, చేతులకు తొడుగులు పెట్టుకుని వెన్నెలవాడలో తిరుగుతారు. లోపల ఎప్పుడూ చల్లటి సాయంత్రమే. ఒక ఏరు, దాని మీద వంతెన, అంగళ్ళు, బొమ్మలేసిన గోడలు. వాళ్ళు షికారుకి వెళతారు, నేను వంకలు వెతకడానికి వెళతాను.

సైరన్ లోపు చేయాల్సిన పని వేరే ఉంది. నేనుండేది మా అక్క భద్రావతి కర్రీ పాయింట్ పైగదిలో. అద్దెకు బదులు తెల్లారి కూరలు తరుగుతాను. ఇవాళ కంద. చింతపండు నీళ్ళతో కడిగినా దురద పోలేదు, తొడుగుల్లో చేతులు రోజంతా చిమచిమలాడాయి.

2. ఏప్రిల్ 4

తొమ్మిదో గోడ. గేదె తోక కుచ్చు పక్కన నల్ల చుక్క, ఆవగింజంత. నమూనాలో లేదు. తుడిచాను. రెండోసారి.

నిన్నటిది నిన్నే పోయింది. ఇది కొత్తది. ఎవరో చేయి నిలకడ లేని మనిషి, కలం కారుతున్నట్టుంది అనుకున్నాను.

కానీ గోడ చూస్తే అలా లేదు. వంద అడుగుల పొడవు. పేరు 'అయిదు గంటల వీధి'. బంద్ అయిపోయి షట్టర్లు లేవగానే ఊరంతా ఒక్కసారి బయటికొచ్చే వేళని గీశారు. గేదెను తోలుకెళ్ళే ముసలాయన, గాజులమ్మే అతను, సైకిలెక్కబోయే పిల్ల, ఇంకా ఎంతమందో. అందరి మొహాల్లోనూ ఏడు గంటలు లోపల మగ్గి బయటపడ్డ సంతోషం. ఒక్క గీత తడబడలేదు. వంక పెట్టడానికి వెళ్ళినవాణ్ణి గంటసేపు అక్కడే నిలబడ్డాను. నా వెనక జనం కూడా నిలబడ్డారు.

ఇరవయ్యో తేదీన ఈ గోడకు ముద్ర వేస్తారు. ముద్ర పడితే ఇక ఆ గోడ అలాగే ఉండిపోతుంది, దాని మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. ఈలోపు ఒకే రకం లోపం అయిదుసార్లు కనపడిందని నేను రాస్తే మాత్రం గోడ మొత్తానికి సున్నం కొట్టి అచ్చుబొమ్మ దింపుతారు. అచ్చుబొమ్మల్లో లోపాలుండవు. వాటి ముందు ఎవరూ ఆగరు కూడా.

3. ఏప్రిల్ 6

తొమ్మిదో గోడ. సైకిలెక్కే పిల్ల మడమ మీద నల్ల చుక్క, ఆవగింజంత. నమూనాలో లేదు. తుడిచాను. మూడోసారి.

గీసే మనిషి ఇవాళ గోడ దగ్గరే దొరికింది. గోడ మూలన పేరుంది: జ్ఞానప్రసూన, శ్రీకాళహస్తి. ఇంట్లో నేల మీద గుడ్డ పరుచుకుని వెదురు కలంతో గీస్తుందట. అక్కడ గీసిన గీత ఇక్కడ గోడ మీద పడుతుంది.

వెన్నెలవాడలో ఎవరి రూపం వాళ్ళే ఎంచుకోవచ్చు. అందుకే అక్కడ ముప్పై దాటిన మనిషి కనపడడు. ఈవిడ మాత్రం ఇంట్లో ఎలా ఉందో అలాగే వచ్చింది. నలభై దగ్గర వయసు, ముడిలో గుచ్చిన కలం, గోళ్ళ సందుల్లో నలుపు, కుడి కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు. మరమ్మతుదారులందరికీ ఒకటే ఖాకీ రూపం గనక నేనెవరో ఆవిడకి చెప్పనక్కర్లేకపోయింది.

"దినామూ నా చుక్క తుడిచేది నువ్వేనా?" అంది.

"నేనేనండీ. మరమ్మతు చేస్తుంటాను."

"ఏం మరమ్మతు చేసినావు? బాగుండేదాన్ని చెడగొట్టినావు."

"నమూనాలో చుక్క లేదండీ."

"నమూనాలో ఎట్లా ఉంటాది?" నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మీ ఇంట్లో ఆడోళ్ళు ఎవురూ లేరా?"

"అక్క ఉంది."

"పోయి ఆయమ్మని అడుగు, ఈ చుక్క ఏందని. తెలుసుకోని రా, అప్పుడు మాట్లాడదాం."

అని అటు తిరిగి గీసుకోసాగింది. పదకొండేళ్ళలో నన్ను ఇలా ఇంటికి పంపిన చిత్రకారులు లేరు.

4. అదే రోజు, సాయంత్రం ఆరు

లోపాలు లేవు. ఇది పని వేళ కాదు.

షట్టర్ ఎత్తి, గిన్నెలు వరసగా పెట్టాక అక్కని అడిగాను. "బొమ్మలో ఒకరోజు బుగ్గ మీద, ఒకరోజు గేదె తోక దగ్గర, ఒకరోజు మడమ మీద నల్లచుక్క పెడితే దాన్నేమంటారక్కా?"

అక్క గరిటె ఆపింది. "దిష్టి చుక్కంటారు. నీలాంటోణ్ణి మొద్దంటారు."

చిన్నపిల్లలకి పెడతారని ఎవరికి తెలియదు? గోడకి కూడా పెడతారని నాకు తోచలేదు, అంతే. అదే చెప్పాను.

"నీకు మూడేళ్ళొచ్చేదాకా అమ్మ రోజూ పెట్టేది. బుగ్గనొకటి, అరికాల్లో ఒకటి," అంది అక్క. "నువ్వు అద్దంలో చూసుకుని మచ్చ, మచ్చ అంటా తుడిచేసుకునేవాడివి. అప్పుడే అనుకున్నా, వీడు ఎవరితోనూ వేగలేడని. పంతొమ్మిది సంబంధాలు చూశాం. ఒకావిడ నవ్వు ఎక్కువన్నావు. ఒకావిడ చెవులు సమంగా లేవన్నావు. వంకలేనమ్మ డొంక పట్టుకు వేలాడిందట."

చెవులు సమంగా లేని మాట నిజమే. కానీ ఇన్నేళ్ళ తరవాత ఆ మాట రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

5. ఏప్రిల్ 8

తొమ్మిదో గోడ. లోపాలు లేవు.

"దిష్టి చుక్కండీ," అన్నాను వెళ్ళగానే.

"ఎవురు చెప్పినారు?"

"మా అక్క."

"మంచిది. ఇంట్లో ఒకరికైనా తెలివుండాది."

అప్పుడు అయిదుసార్ల నిబంధన చెప్పాను. ఆవిడకి ఆ సంగతి తెలియదు. గీస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఇంకో రెండుసార్లు చుక్క కనపడిందంటే గోడ పోతుందని విడమరచి చెప్పాను.

"ఆర్నెల్లు గీసినాను," అంది మెల్లగా. "ఎనభై మంది మనుషులు."

"అందుకేనండీ, నమూనాలో పెట్టించుకోండి. కాగితం నేను రాసిస్తాను. నమూనాలో ఉంటే లోపం కాదు."

తల అడ్డంగా ఊపింది. "నమూనాలో పెడితే అది సింగారం అయిపోతాది. సింగారానికి ఇంకా దిష్టి తగులుతాది. చుక్క తప్పుగానే ఉండాల. చూసేవాళ్ళ కన్ను పోయి దాని మీద పడాల. అయ్యో, ఇంత బాగా గీసి ఈడ చెడగొట్టుకునిందే అనుకోవాల. ఆ అయ్యో కోసమే పెట్టేది."

నేను మల్లెపూలావిడ చెంప వైపు చూశాను.

"అయినా బిడ్డ పుట్టకముందే చుక్క యాడ పెట్టాల్నో ఎవురైనా రాసి పెట్టుకుంటారా? తయారైనాక చూస్తాం. ముద్దొస్తాది. అప్పుడు పెడతాం."

"ఈ కాలంలో దిష్టి ఏమిటండీ?"

"కాళాస్తిలో నా గుడ్డని పదిమంది చూస్తారు. ఈడ దినానికి లచ్చమంది. ఆ పదిమందికే చుక్క లేకుండా మా అవ్వ గుడ్డని వాకిలి దాటనిచ్చేది కాదు. లచ్చమందికి ఏం చెయ్యాల, నువ్వే చెప్పు."

లెక్క ప్రకారం చూస్తే ఆవిడ మాటలో తప్పు దొరకలేదు. నాకు తప్పు దొరకకపోవడం అరుదు.

వెళ్ళబోతుంటే పేరడిగింది. చెప్పాను. "అంత పేరు ఎవురు పిలుస్తారబ్బా," అంది. ఆఫీసులో భావ అంటారని చెప్పాను. మేస్త్రీ గారైతే పొట్టలోంచి ఒత్తు తెచ్చి మరీ పలుకుతారు. ఆవిడ నవ్వేసింది.

"మాకు ఒత్తులు పలకవు. నేను పిలిస్తే వాడంతా తిరిగి చూస్తాది. వద్దులే, నిన్ను ఖాకీ అంటా."

ఆవిడ నోట్లో భావ కాస్తా బావ అయి కూర్చుంటుందని నాకు వంతెన దాటాక గాని వెలగలేదు. వెలిగాక చెవులు వేడెక్కాయి.

6. ఏప్రిల్ 12

తొమ్మిదో గోడ. నాలుగు రోజులుగా లోపాలు లేవు.

నా మాట విన్నట్టుంది. గోడ శుభ్రంగా ఉంది. మల్లెపూలావిడ చెంప ఖాళీగా ఉంది, గేదె తోక ఖాళీగా ఉంది. లోపం లేని గోడ చూసి నాకు సంతోషం కలగకపోవడం ఇదే మొదటిసారి. మూడుసార్లు అటూ ఇటూ నడిచి, ఎక్కడైనా పెట్టిందేమోనని వెతికాను. పక్క గోడ దగ్గర పనిచేసే అతను ఏం పోయిందని అడిగాడు.

7. ఏప్రిల్ 13

తొమ్మిదో గోడ. లోపాలు లేవు.

ఈ వారమంతా అక్కడికే ముందు వెళుతున్నాను. మిగతా గోడల్ని తరవాత చూసినా పారిపోవు. నేను వెళ్ళేసరికి ప్రసూన కలం పక్కన పెట్టి మాట్లాడుతుంది. గుడ్డని కరక్కాయ రసంలో, గేదె పాలలో నానబెట్టి ఎండబెడుతుందట. నలుపు కావాలంటే బెల్లం నీళ్ళలో తుప్పు మేకులు వేసి ఇరవై రోజులు ఆగాలట. పెళ్ళయిన మూడేళ్ళకే ఆ వాసన పడక భర్త వేరుగా వెళ్ళిపోయాడట. "మేకులు నాతోనే ఉండిపోయినాయి," అని నవ్వింది. బాధతో అన్నట్టు లేదు.

"ఏ గుడ్డ మీద గీసినా ఇక్కడ పడేది ఒకటే గీత కదండీ. అంత కష్టం దేనికి?" అని అడిగాను.

"గీతకి తెలుస్తాది," అంది.

వెన్నెలవాడలో వాసనలు లేవు. అదొక లోపమని పదకొండేళ్ళలో నేను రాయలేదు. మొన్న తోచింది. ఆ నలుపు వాసన ఎలా ఉంటుందో చూడాలని ఉందన్నాను, చిరునామా అడిగితే ఇచ్చాను.

పార్శిల్ ఇవాళ సాయంత్రమే దిగింది. జానెడు గుడ్డ ముక్క. మడత విప్పగానే అక్క కిందినుంచి కేకేసింది. "ఒరే నారాయణా, పైన పాలు విరిగాయేంటిరా?"

గుడ్డని తలగడ కింద పెట్టుకున్నాను. పుల్లటి పాల వాసన, తుప్పు వాసన, కాస్త బెల్లం. ఆమె అంటే నాకు ఇష్టం కలిగింది. రాయడానికి ఇంతకన్నా నాజూకు మాట వెతికాను, దొరకలేదు.

8. ఏప్రిల్ 16

తొమ్మిదో గోడ. గాజులమ్మే అతని మోచేతి మీద నల్ల చుక్క, ఆవగింజంత. నమూనాలో లేదు. తుడిచాను. నాలుగోసారి.

నా కళ్ళ ముందే పెట్టింది.

నమూనాలో గోడ చివర 'ఇద్దరు మనుషులు' అని ఉంది. ఆ ఇద్దర్ని గీస్తే అయిపోయినట్టే. కానీ చుక్క మానినప్పటినుంచి చెయ్యి ఆడటం లేదట. ఎనిమిది రోజులుగా కలం ముంచడం, ఆరబెట్టడం. "మొండిగా గీసి చూసినా, బతిమాలి చూసినా. గీత రాలేదు," అంది. చెప్తూ చెప్తూనే గాజులతని మోచేతి మీద చుక్క పెట్టేసి, పక్కకి జరిగి నాకు దారిచ్చింది.

నా తుడుపు గుడ్డ నా చేతిలోనే ఉంది. చూడనట్టు పోవచ్చు కదా అని ఆమె ఒక్కమాట అని ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. అనలేదు. తుడిచాను. రాశాను.

"నీ పని నువ్వు చేసినావు," అంది. "నా పని నేను చేస్తా. ఇరవయ్యో తేదీ, ముద్ర వేసే ముందర వచ్చి అయిదోది పెడతా."

"సున్నం కొట్టేస్తారు ప్రసూన గారూ. ఎనభై మందీ పోతారు."

"కొట్టనీ. లచ్చమంది ముందర వాళ్ళని ఉత్త మొగాలతో నిలబెట్టి పోలేను, ఖాకీ. నా వల్ల కాదు."

కళ్ళు తుడుచుకుంది. వేలి నలుపు బుగ్గకి అంటుకుంది. నేను చెప్పలేదు, తుడుచుకోమనీ అనలేదు.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. అన్నం తినబుద్ధి కాలేదు. నాలుగు అని రాసింది నా చెయ్యే. అయిదు అని రాయాల్సిందీ అదే. గోడ పోతే ఆమె మళ్ళీ వెన్నెలవాడ మొహం చూడదు. నా మొహమూ చూడదు.

9. ఏప్రిల్ 18

తొమ్మిదో గోడ. లోపాలు లేవు.

పొద్దున కంద తరుగుతూ సంగతంతా అక్కకి చెప్పాను.

"గీసే ఆవిడే గోడ పోతే పోనీ అంటంటే నీకేంటిరా బాధ? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకీ ఉందక్కా. కత్తిపీటకీ ఉంది."

అక్క చేస్తున్న పని ఆపి నా మొహం చూసింది. తరవాత మామూలుగా ఉల్లిపాయలు ముందుకు లాక్కుంది. "పిల్ల ఎట్టా ఉంటది?"

"కుడి కనుబొమ్మలో చిన్న గాటుంటుంది."

"వంక మొదలెట్టావా?"

"వంక కాదక్కా. ఎలా ఉంటుందని అడిగావు, చెబుతున్నాను."

అక్క కందముక్కల్లోకి బచ్చలి దూసుకుంటూ తనలో తను నవ్వుకుంది. తరవాత అడిగింది: "సంఘంలో ఉన్నప్పుడు బట్ట చిరిగితే అతుకు వేసేవాళ్ళు కదరా. ఆ అతుకు మచ్చ ఎవరి పేరున రాసేవాళ్ళు, నేసినోడి పేరునా?"

"కాదు, అతుకు వేసినవాడి పేరున," అన్నాను. అని కత్తిపీట మీంచి లేచిపోయాను. చేతులు కడుక్కోవడం కూడా మర్చిపోయాను.

నిబంధనల పుస్తకం తీశాను. పన్నెండోది ఇలా ఉంది: 'మరమ్మతుదారు చేతి వల్ల పడిన మచ్చ గోడ లోపం కాదు. అది మరమ్మతుదారు లోపంగా అతని పేరున నమోదు చేయాలి.' ఎన్నిసార్లు చదివానో. దురద చేత్తో కళ్ళు రుద్దుకుని, ఆ మంట తగ్గాక మళ్ళీ చదివాను.

నా పేరున పదకొండేళ్ళలో ఒక్క మచ్చ లేదు. పన్నెండేళ్ళు నిండితే వెన్నెలవాడలో ఏటి ఒడ్డున అరుగున్న ఇల్లు ఇస్తారు. ఆ అరుగు మీద ఎటువైపు కూర్చుంటే వంతెన కనపడుతుందో కూడా చూసి పెట్టుకున్నాను. ఒక్క మచ్చ పడితే ఇల్లు లేదు. వచ్చే ఏడు కాదు, ఎప్పటికీ లేదు.

ఆ అరుగు మీద కూర్చోవడం గురించి ఇవాళ మళ్ళీ ఊహించుకుని చూశాను. ఎంతసేపు కూర్చున్నా ఒక్కణ్ణే ఉన్నాను.

10. ఏప్రిల్ 20

తొమ్మిదో గోడ. చివరి బొమ్మ చెంప మీద నల్ల చుక్క, ఆవగింజకన్నా కాస్త పెద్దది. నమూనాలో లేదు. తుడవలేదు. పెట్టింది నేను. నిబంధన 12.

సైరన్ మోగీ మోగకముందే జోడు పెట్టుకున్నాను. గోడ దగ్గర ఎవరూ లేరు. చివరి ఇద్దరు మనుషులూ వచ్చేశారు. నిన్న గీసి ఉంటుంది. ఎలాగూ చుక్క పెట్టి తీరతానని నిశ్చయించుకున్నాక చెయ్యి ఆడినట్టుంది.

అందులో ఒకడు ఖాకీ మనిషి. నడుం వంచి, ముక్కు గోడకి ఆనించి, దేనికోసమో వెతుకుతున్నాడు. వాడి వెనకాల ఒకావిడ ముడిలో కలం గుచ్చుకుని, చేతులు కట్టుకుని, వీడికి ఎప్పుడు దొరుకుతుందా అని చూస్తోంది. కనుబొమ్మలో గాటు కూడా వదల్లేదు.

చూశాను. ముద్దొచ్చింది. నా దగ్గర అతుకులు వేసే నల్ల కలం ఉంది. ఆవిడ చెంప మీద చుక్క పెట్టాను. అది కాస్త సాగింది. పదకొండేళ్ళు చుక్కలు తుడిచినవాడికి పెట్టడం ఎలా వస్తుంది.

పానకాలరావు గారు తెల్ల పంచెతో, ముద్ర సంచితో వచ్చారు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిచి అక్కడ ఆగారు.

"ఇదేంటి భావా? నమూనాలో లేదే."

"లేదండీ."

"ఆవిడ పెట్టిందా? అయితే అయిదోసారి."

"నేను పెట్టానండీ."

"కలం జారిందా?"

జారిందనొచ్చు. "జారలేదండీ. పెట్టాను."

ఆయన నన్ను చూశారు, చుక్కని చూశారు, బొమ్మలో ఖాకీవాణ్ణి చూశారు. "పదకొండేళ్ళు," అన్నారు. "ఒక్క ఏడాది ఆగితే అరుగిల్లు వచ్చేది."

"తెలుసండీ."

ఇంకేమీ అడగకుండా నా పేరు పక్కన మచ్చ రాసుకున్నారు. అప్పటికి ప్రసూన వచ్చింది. కలం చేతిలోనే ఉంది, పెట్టడానికే వచ్చింది. చుక్క అప్పటికే అక్కడుండటం చూసి నిలబడిపోయింది.

"అది నా పేరున పడిందండీ. గోడకేం కాదు," అన్నాను. "ఒకటి చాలు కదా?"

ఆమె గోడకి దగ్గరగా వెళ్ళి, బొమ్మలో ఖాకీవాడిలాగే ముక్కు ఆనించి చూసింది. "వంకరగా పెట్టినావు."

"చుక్కకి వంకరేంటండీ?"

"నీకే తెలియాల, వంకలు పెట్టేవాడివి." కలం తీసి ముడిలో గుచ్చుకుంది. "మా అవ్వ చెప్పేది. మన చుక్క మనం పెట్టుకుంటే సగమే పనిచేస్తాదంట. ఇంకొకరు ఇష్టంగా పెట్టాలంట. ఇన్నేండ్లూ సగంతోనే నెట్టుకొచ్చినా."

మేస్త్రీ గారు ముద్ర వేశారు. గోడ ఇక ఎవరూ ముట్టుకోకూడనిది అయింది, చుక్కతో సహా. జనం రావడం మొదలైంది. వచ్చిన మొదటి ఆవిడే చివర ఆగి, "అయ్యో, ఎంత బాగా వేశారు, ఇక్కడ చూడు మరక పడింది," అంది పక్కావిడతో. ప్రసూన నా వైపు చూసి కళ్ళతో నవ్వింది.

వెళ్ళేటప్పుడు పానకాలరావు గారు నన్ను పక్కకి పిలిచారు. "మీ అక్కగారు కంద బచ్చలి రోజూ చేస్తారా, వారాలున్నాయా?"

ఆయనకి కంద సంగతి నేనెప్పుడూ చెప్పలేదు.

"పై పంక్తిలో ఏముంటుందయ్యా చదవడానికి," అన్నారు.

11. ఏప్రిల్ 21

లోపాలు లేవు.

కింద రాసిందంతా ఆయన చదివారని తెలిసి నిన్నంతా సిగ్గుపడ్డాను. ఇవాళ తగ్గింది. మేస్త్రీ గారూ, బుధ, శనివారాలు. పదింటి లోపు వస్తే వేడిగా ఉంటుంది.

12. ఏప్రిల్ 29

సెలవు పెట్టాను. లోపాలు చూడలేదు.

ప్రసూన తెల్లవారుజాము రైలెక్కి ఎనిమిదింటికల్లా చీరాలలో దిగింది. స్టేషన్లో గుర్తుపట్టడానికి ఇబ్బంది పడలేదు, లోపల ఎలా ఉంటుందో బయటా అలాగే ఉంది. గుర్తుపట్టలేకపోయింది ఆమే. ఖాకీ లేకుండా నన్నెప్పుడూ చూడలేదు. నా ముందునుంచే రెండుసార్లు వెళ్ళిపోయింది. మూడోసారి నేనే ఎదురెళ్ళాను.

"ఇంత పొట్ట ఉండాదని చెప్పలేదే," అంది.

"అడగలేదు కదండీ."

దగ్గరగా నిలబడితే పుల్లటి పాల వాసన, తుప్పు వాసన. జేబులో ఉన్న గుడ్డ ముక్కకన్నా ఇది బాగుంది.

అక్క ముందు ఆమె కనుబొమ్మ చూసింది. తరవాత ఇడ్లీలు పెట్టింది. పది నిమిషాల్లో ఇద్దరూ నా చిన్నప్పటి సంగతులు చెప్పుకుని నవ్వుతున్నారు. అరికాలి చుక్క నేను ఎలా తుడుచుకునేవాణ్ణో అక్క కాలెత్తి మరీ చూపించింది. నన్ను కంద తరగమన్నారు.

పదింటికి సైరన్ మోగింది. షట్టర్ దించాం. ఇక అయిదింటిదాకా ఆమె ఎక్కడికీ వెళ్ళడానికి లేదు. జోడు మేకుకే ఉంది, తీయలేదు. ఉక్కగా ఉంది, ఫ్యాను గడగడమంటోంది, కింద అక్క గురక వినపడుతోంది. వెన్నెలవాడలో ఇవేవీ ఉండవు. ప్రసూన నా తలగడ ఆనుకుని కూర్చుని గుడ్డ మీద ఏదో గీస్తోంది. నేను ఎదురుగా కూర్చుని ఇది రాస్తున్నాను. బాగుంది. నా బతుకులో ఇంత బాగున్న మధ్యాహ్నం నాకు గుర్తులేదు.

రాసింది చదివి వినిపించమంది. మొదటినుంచీ చదివాను. చెవులు సమంగా లేని ఆవిడ దగ్గర నన్ను చేత్తో చరిచింది. చివరిదాకా విని, "ఒక్క తప్పు లేదే," అంది. "ఇంత సంతోషం రాసుకుని ఒక్క తప్పయినా పెట్టకపోతే ఎట్లా?"

పుస్తకం లాక్కుని కింద తనే ఒక పంక్తి రాసింది.

బావ పెట్టిన చుక్క బాగుండాది.

పుస్తకం ఊరుకుంటుందా. 'బావ' కింద గులాబీ గీత గీసింది. 'భావ' అని ఉండాలి, దిద్దనా? అని అడిగింది.

పదకొండేళ్ళలో మొదటిసారి వద్దన్నాను. కారణం రాయమంది.

దిష్టి అని రాశాను.